ఈనిన వారంలోపే పొదుగు వాపు వస్తోందా? ముందు డ్రై పీరియడ్ (ఈనే ముందు పాలు తీయడం ఆపే కాలం) సంగతి చూడండి

ఆవు ఈనింది, జున్నుపాలు బానే ఉన్నాయి, మూడో రోజో నాలుగో రోజో ఒక చన్ను వైపు గట్టిపడి వేడిగా ఉంది, పాలు నీళ్ళలాగానో ముక్కలుగానో వస్తున్నాయి. వెంటనే అందరూ చెప్పేది పాకలో శుభ్రత లేదు, పాలు తీసే చెయ్యి బాలేదు అని. అదీ ఉండొచ్చు, కానీ అన్నీ కడిగి తుడిచి పెట్టుకునే వాళ్ళకీ వస్తోంది కదా.

కారణాల్లోకి వెళ్ళే ముందు ఒక్కటి. నాలుగు చన్నులవీ మొదటి రెండు మూడు ధారలు విడివిడిగా నల్లటి గిన్నెలోకి పిండి చూశారా? చాలామంది చూడరు, నేరుగా బకెట్‌లోకి పిండేసి "పాలు తేడాగా ఉన్నాయండీ" అంటారు, ఏ చన్నులో అంటే తెలీదు. తర్వాత సీఎంటీ టెస్ట్ చెయ్యండి, అంటే పాలలో ఒక ద్రావణం కలిపి చిక్కబడుతుందా అని చూసే పొదుగు వాపు పరీక్ష. ఈనిన మొదటి కొద్దిరోజులు ఆరోగ్యంగా ఉన్న పాలు కూడా కొంచెం చిక్కబడతాయి, అందుకే ఒక్క చన్ను మిగతా వాటికంటే బాగా తేడాగా ఉందా అన్నదే చూడాలి. టీట్ సీలెంట్ (పాలు ఆపేటప్పుడు చన్ను రంధ్రం మూయడానికి ఎక్కించే పేస్ట్) వాడి ఉంటే మొదట్లో తెల్లటి పేస్ట్ ముక్కలు వస్తాయి, అవి విరుగుళ్ళు కాదు, దానికి మందు ఎక్కించకండి.

పాలు పల్చగా పసుపు నీళ్ళలా వచ్చి, జ్వరం ఉండి, మేత మానేసి, చెవులు చల్లబడితే ఇది చదవడం ఆపి డాక్టర్‌ని పిలవండి. అది ఈకోలై లాంటి బ్యాక్టీరియా పని అయ్యుండొచ్చు, గంటల్లో పడేస్తుంది.

ఇప్పుడు అసలు కారణం. ఈనాక కనపడే ఈ ఇన్ఫెక్షన్లలో చాలావరకు ఈనకముందే లోపలికి వెళ్ళి కూర్చున్నవి. పాలలో లాక్టోఫెరిన్ అని ఒక సహజమైన ప్రోటీన్ ఉంటుంది, పని ఏంటంటే ఇనుముని పట్టేసుకోవడం. ఈకోలై లాంటి బ్యాక్టీరియా పెరగాలంటే ఇనుము కావాలి, అది దొరక్కుండా చేస్తుంది. మామూలు పాలల్లో ఇది చాలా తక్కువ, పైగా పాలల్లో ఉండే సిట్రేట్ దానికి పోటీగా ఇనుముని పట్టుకుని బ్యాక్టీరియాకి అందేలా చేస్తుంది. ఆవుని ఎండగట్టాక పాల తయారీ ఆగిపోయి సిట్రేట్ పడిపోతుంది, లాక్టోఫెరిన్ చాలా రెట్లు పెరుగుతుంది, అందుకే డ్రై పీరియడ్ మధ్యలో ఈకోలై గొడవ తక్కువ. కానీ రెండు చివర్లా కాపలా ఉండదు. ఎండగట్టిన మొదటి రెండు వారాల్లో లాక్టోఫెరిన్ ఇంకా పెరుగుతూ ఉంటుంది, చన్ను రంధ్రంలో కెరాటిన్ బిరడా కూడా ఇంకా పూర్తిగా పడదు, కొన్ని చన్నులకి వారాలు గడిచినా పడదు. ఈనే ముందు రెండు వారాల్లో మళ్ళీ సిట్రేట్ పెరిగి లాక్టోఫెరిన్ తగ్గుతుంది, పొదుగు నిండి పాలు కారుతుంటాయి. సరిగ్గా ఈ రెండు టైముల్లోనే "పాలివ్వట్లేదు కదా" అని ఆవుని బురదలో, పాత గడ్డి మీద వదిలేస్తారు!

ఇంకోటి, లాక్టోఫెరిన్ ఉంది కదా అని ధీమా వద్దు. స్ట్రెప్టోకాకస్ ఉబెరిస్ అనే ఇంకో బ్యాక్టీరియాకి ఇనుము పెద్దగా అక్కర్లేదు, దానిమీద ఇది పనిచెయ్యదు. లాక్టోఫెరిన్ పౌడర్ దాణాలో పెడితే అంటారా, తిన్న ప్రోటీన్ చాలావరకు రూమెన్‌లోనే (పెద్ద పొట్టలోనే) విరిగిపోతుంది, పొదుగుదాకా వెళ్ళదు.

చెయ్యాల్సింది ఎండగట్టే రోజు మొదలవ్వాలి. దాణా ముందే తగ్గించి పాలు తగ్గనివ్వండి, ఎక్కువ పాలతో ఎండగడితే కారుతుంది. ప్రతి చన్నుకీ సీఎంటీ చేసి, తేడా ఉన్నదానికి డ్రై ట్యూబ్ (ఎండగట్టేటప్పుడు చన్నులోకి ఎక్కించే యాంటీబయాటిక్) సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. స్పిరిట్ దూదితో మీకు దూరంగా ఉన్న చన్నులు ముందు తుడిచి, ట్యూబ్ మాత్రం దగ్గరగా ఉన్న చన్నులకి ముందు ఎక్కించండి, అలాగైతే తుడిచినవి మళ్ళీ చేతికి తగలవు. నాజిల్ కొన మాత్రమే లోపలికి పెట్టాలి, మొత్తం దూర్చేస్తే బయటి మురికిని మీరే లోపలికి తోసినట్టు. తర్వాత సీలెంట్, చన్ను పైభాగం వేళ్ళతో నొక్కిపట్టి ఎక్కించండి, పైకి మర్దన చెయ్యొద్దు, అది చన్నులోనే ఉండాలి. ఆపైన ఎండగట్టిన మొదటి రెండు వారాలూ, ఈనే ముందు రెండు వారాలూ పొడి పడక. ఈనగానే మొదటిసారి సీలెంట్ చేత్తో పూర్తిగా పిండెయ్యండి.

అదే చన్నుకి మళ్ళీమళ్ళీ వస్తుంటే మందు మార్చుకుంటూ పోకండి, యాంటీబయాటిక్ ఇవ్వకముందే పాల శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అయితే లోపల గూడు కట్టుకుంటుంది, ట్యూబులకి సరిగ్గా లొంగదు, ఆ ఆవుని చివర్లో పిండాలి.

ఇంకొన్ని ఉన్నాయి. తొలిచూలుకి ఈనే ముందు పొదుగు అంతా ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి, పాలు మాత్రం మామూలుగా ఉంటే అది నీరు చేరడం, ఇన్ఫెక్షన్ కాదు. అరుదుగా ఈస్ట్, మైకోప్లాస్మా లాంటి క్రిములు కూడా ఉంటాయి గానీ, ల్యాబ్ రిపోర్ట్‌లో వస్తే అప్పుడు చూసుకోవచ్చు.