ఆసుపత్రి సమాచార వ్యవస్థలను కలిపేటప్పుడు: మొదట రోగి గుర్తింపు

ఓపీ, ల్యాబ్, స్కానింగ్, ఫార్మసీ, బిల్లింగ్ విభాగాల్లో వేర్వేరు సాఫ్ట్‌వేర్లు నడుస్తున్న విశాఖపట్నం ఆసుపత్రి ఏదైనా వాటిని అనుసంధానించాలనుకుంటే, ముందుగా చక్కదిద్దుకోవలసింది రోగి గుర్తింపు.

ఉత్తరాంధ్రలో అప్పలరాజు, అప్పారావు పేర్లతో ఒకే వార్డులో ఇద్దరు ముగ్గురు ఉండడం మామూలే. సింహాచలం అనే పేరైతే ఆడవారికీ మగవారికీ పెడతారు. ఇంటిపేరును ఒక కౌంటర్లో ముందు, మరో కౌంటర్లో చివర రాస్తారు. పెద్దవారి వయసును అంచనాగా వేస్తారు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు ఉంటుంది. అందువల్ల పేరునో, ఫోన్ నంబరునో నమ్ముకోకుండా ఆసుపత్రి మొత్తానికి చెల్లే ఒకే రోగి సంఖ్యను ఇచ్చి, రోగి సమ్మతిస్తే 14 అంకెల ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) సంఖ్యను దానికి జతచేయాలి. ఒకే వ్యక్తివిగా తోచే రెండు రికార్డులను సాఫ్ట్‌వేర్ చూపించవచ్చు గానీ, వాటిని కలిపే నిర్ణయం మెడికల్ రికార్డుల సిబ్బందిదే కావాలి. పొరపాటున కలిపితే విడదీసే వీలూ ఉండాలి. ఈ పనికి ఎంత సమయం పట్టినా తొందరపడకూడదని నా దృఢమైన అభిప్రాయం.

తరువాత చూడవలసింది వ్యవస్థల మధ్య లంకెలు. ఉదాహరణకు, ఆరు వ్యవస్థలను ఒకదానితో ఒకటి నేరుగా కలిపితే 15 లంకెలు అవసరమవుతాయి. మధ్యలో ఒక ఇంటిగ్రేషన్ ఇంజిన్ (ఒక వ్యవస్థ సందేశాన్ని మరో వ్యవస్థకు అందించే సాఫ్ట్‌వేర్) ఉంటే ఆరు చాలు. ల్యాబ్ ఆర్డర్లకు, ఫలితాలకు హెచ్ఎల్7, స్కానింగ్ చిత్రాలకు డైకామ్, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ (కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య కార్యక్రమం)తో రికార్డులు పంచుకోవడానికి ఫైర్ (FHIR) అనే సమాచార మార్పిడి ప్రమాణాలను వాడాలి.

పరీక్షల పేర్లను లోయింక్ కోడ్లతో (ల్యాబ్ పరీక్షలకు అంతర్జాతీయంగా వాడే గుర్తింపు కోడ్లు) సరిపోల్చేటప్పుడు కొలమానాన్ని కూడా చూడాలి. ఒక ల్యాబ్ పంపిన పరగడుపు షుగర్ ఫలితం లీటరుకు 7.0 మిల్లీమోల్ అయితే, అది డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములతో సమానం. కొలమానం లేకుండా 7.0 అంకె ఒక్కటే తెర మీదికి వస్తే చికిత్సే దారి తప్పుతుంది. కాబట్టి ప్రతి పరీక్షకూ నమూనా ఫలితం పంపించి, దాన్ని ల్యాబ్ బాధ్యులూ డాక్టరూ కలిసి సరిచూసిన తరువాతే ఆ లంకెను వాడుకలోకి తేవాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరంలో కరెంటునూ ఫోన్లనూ స్తంభింపజేసింది. అటువంటి రోజు కోసం ప్రతి వార్డులో ముందే సంఖ్యలు ముద్రించిన కాగితపు ఫారాలు ఉంచాలి. వ్యవస్థ తిరిగి పనిచేయగానే వాటిని ఎవరు, ఏ క్రమంలో ఎక్కించాలో ముందుగానే రాసిపెట్టి, రాత్రి డ్యూటీ సిబ్బందితో సహా అందరిచేతా సాధన చేయించాలి.