బూట్ లోడర్ మరమ్మతుకు కూర్చునే ముందు

కంప్యూటర్ స్విచ్ నొక్కగానే విండోస్ గుర్తుకు బదులు నల్లటి తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అన్న రెండు మాటలు, వాటి పక్కన మిణుకుమనే గీత కనిపిస్తే హార్డ్ డిస్క్ పోయిందనే చాలామంది అనుకుంటారు. దుకాణానికి తీసుకువెళితే "ఫార్మాట్ కొట్టి ఓఎస్ మళ్లీ వేసేద్దాం సార్" అన్న మాట తరచుగా వినవస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఇదే. చెడిపోయింది ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో వెతికి దానిని మెమరీలోకి ఎక్కించే బూట్ లోడర్ అనే ఒక చిన్న ప్రోగ్రామ్ మాత్రమే. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఆఫీసు ఫైళ్లు చాలా సందర్భాల్లో ఉన్నచోటనే ఉంటాయి. బూట్ లోడర్ చెడినందువల్ల డేటా పోవడం అరుదు, దానిని బాగుచేసే తొందరలో డేటా పోవడం మాత్రం తరచుగా జరుగుతుంది. అందుకే మరమ్మతు ఎలా చేయాలన్నదాని కంటే, చేయి పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలన్నదే ఇక్కడ వివరిస్తున్నాను. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) రెండూ పెట్టుకున్నవారిని దృష్టిలో ఉంచుకుని రాస్తున్నా, ఇందులో ఎక్కువ భాగం ఒక్క విండోసే ఉన్నవారికీ వర్తిస్తుంది.

మొట్టమొదట తెర మీద ఏముందో ఫోనుతో ఫొటో తీసుకోవాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కాని, మరమ్మతు దారి మొత్తం ఆ ఒక్క వాక్యం మీదనే ఆధారపడి ఉంటుంది. ఉదాహరణకు, ఖాళీ పెంచుకుందామని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి ఉబుంటు పార్టిషన్‌ను (డిస్క్‌లో దానికి కేటాయించిన భాగాన్ని) చెరిపేస్తే, ఉబుంటు వాడే గ్రబ్ అనే బూట్ లోడర్ మొదటి ముక్క మిగిలి, దానికి కావలసిన మిగతా ఫైళ్లు పోయి, 'నో సచ్ పార్టిషన్' అన్న సందేశంతో రెస్క్యూ తెర వస్తుంది. ఇక్కడ విండోస్‌కు ఏమీ కాలేదు; చాలా యంత్రాల్లో బూట్ మెనూ (స్విచ్ వేయగానే దేని నుంచి లేవాలో ఎంచుకునే జాబితా) తెరిచి 'విండోస్ బూట్ మేనేజర్'ను ఎంచుకుంటే చాలు, అది లేచి కూర్చుంటుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ తరువాత లినక్స్ కూడా ఉన్న అనేక కంప్యూటర్లలో 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అన్న సందేశం కనిపించింది. ఆ సందర్భంలో బూట్ లోడర్ ఫైళ్లు చెక్కుచెదరలేదు, కాలం చెల్లినవిగా గుర్తించిన పాత వెర్షన్లను సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్ లోడర్లనే నడవనిచ్చే రక్షణ) అడ్డుకుంది. పాత యూఎస్‌బీలోని అదే ఫైలును పదిసార్లు తిరిగి ఎక్కించినా ఫలితం ఉండదు. 2020 జూలైలో గ్రబ్‌లో బయటపడిన లోపానికి సవరణ వచ్చినప్పుడు కథ మరో రకం: కొత్త గ్రబ్ ఒక డిస్క్ మీదకు, యంత్రం బూట్ అయ్యేది మరో డిస్క్ నుంచి కావడం వల్ల రెండు ముక్కలకూ పొంతన కుదరక కొన్ని డెబియన్, ఉబుంటు యంత్రాలు ఆగిపోయాయి. మూడింటికీ మూడు వేర్వేరు మందులున్నాయి.

సందేశం 'నో బూటబుల్ డివైస్' అయితే మరమ్మతు మాట పక్కనబెట్టి బయోస్ సెటప్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే, మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లి తేదీ చూడాలి. అది ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి సెట్టింగులన్నీ మొదటికి వచ్చాయని అనుమానించవచ్చు. బూట్ మోడ్, డిస్క్ కంట్రోలర్ మోడ్ మారిపోవడమే అసలు జబ్బు కావచ్చు. బ్యాటరీ మార్చి పాత సెట్టింగులు తిరిగి పెడితే సరిపోయేదానికి రాత్రంతా కమాండ్లు కొట్టినవారు ఉన్నారు. బయోస్‌లో అసలు డిస్క్ పేరే కనిపించకపోతే అది బూట్ లోడర్ సమస్య కాదు, కేబుల్‌దో డిస్క్‌దో. ఏ పేజీలో ఏది మార్చబోయినా ముందు ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకోవాలి.

అన్నింటికంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది బిట్‌లాకర్, అంటే కీ లేనిదే చదవలేని విధంగా డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం. 24హెచ్2 వెర్షన్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 11, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసినప్పుడు, హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్క్‌ను తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఆ సంగతి చాలామంది యజమానులకు తెలియదు. సెక్యూర్ బూట్ ఆపినా, బూట్ వరుస మార్చినా, బూట్ ఫైళ్లను సవరించినా అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీ లేకపోతే కంపెనీవాళ్లు కూడా ఆ డేటాను తెరవలేరు. కాబట్టి బయోస్‌లో ఒక్క సెట్టింగు ముట్టుకోకముందే, ఫోనులో గాని వేరే కంప్యూటర్‌లో గాని మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఐటీ విభాగం దగ్గర ఉండవచ్చు, వారిని అడగకుండా ముందుకు కదలకూడదు. విండోస్ ఏదో ఒక దారిన లేస్తుంటే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేసి ఆ తరువాతే పని మొదలుపెట్టడం ఉత్తమం. బయోస్‌లో కనిపించే 'క్లియర్ టీపీఎం' (ఎన్‌క్రిప్షన్ తాళాలు దాచే చిప్‌ను ఖాళీ చేయడం) అన్నదాని జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ పోవద్దు. లినక్స్ వైపు డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవారు తమ పాస్‌ఫ్రేజ్ గుర్తుందో లేదో ఇప్పుడే పరీక్షించుకోవాలి.

తరువాతిది డేటా నకలు. ఉబుంటు లైవ్ యూఎస్‌బీతో (డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటును నడిపే పెన్‌డ్రైవ్‌తో) కంప్యూటర్‌ను లేపి, 'ట్రై ఉబుంటు' ఎంచుకుని, ముఖ్యమైన ఫోల్డర్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. విండోస్ పార్టిషన్‌ను రీడ్-ఓన్లీగా తెరవాలి, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్ మామూలుగా షట్‌డౌన్ చేసినా సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి అందులో ఏమైనా రాస్తే ఫైల్ వ్యవస్థ దెబ్బతినవచ్చు. కాపీ అవుతుండగా వేగం ఒక్కసారిగా పడిపోయినా, డిస్క్ టిక్కుటిక్కుమని శబ్దం చేసినా, డిస్క్ ఆరోగ్యాన్ని చెప్పే స్మార్ట్ పరీక్షలో పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేకపోతున్న భాగాలు) కనిపించినా బూట్ లోడర్‌ను మరిచిపోండి. అప్పుడు డిస్క్ మొత్తానికీ నకలు తీయడం ఒక్కటే పని, అది మన వల్ల కాదనిపిస్తే వెంటనే ఆపి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వాలి. కాపీ గంటల తరబడి సాగవచ్చు కనుక ల్యాప్‌టాప్‌కు ఛార్జర్, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి. ఈదురుగాలి, వాన ఉన్న సాయంత్రం మొదలుపెట్టకపోవడమే మంచిది.

లైవ్ యూఎస్‌బీ తయారుచేసేటప్పుడూ ఒక హెచ్చరిక. అందులో అంతకుముందున్నదంతా పోతుంది. రెండు పెన్‌డ్రైవ్‌లు ఒకేసారి గుచ్చి, పరిమాణం చూడకుండా పేరు మాత్రమే చూసి, కుటుంబ వీడియోలున్న దాని మీద ఉబుంటు రాసేసిన అనుభవం నాకే ఉంది. ఆ రోజు నుంచి ఈ పని చేసేటప్పుడు అవసరం లేని డ్రైవ్‌లన్నీ పీకేసి పక్కన పెడుతున్నాను. లైవ్ ఉబుంటులో ఉన్నప్పుడు కూడా ఇదే ప్రమాదం: కొత్త ల్యాప్‌టాప్‌లలో 'ఎస్‌డీఏ' అనేది మనం గుచ్చిన పెన్‌డ్రైవ్, లోపలి డిస్క్ 'ఎన్‌వీఎంఈ'తో మొదలయ్యే పేరుతో ఉండవచ్చు. ఎక్కడో చదివిన కమాండ్‌లో ఎస్‌డీఏ ఉందని అలాగే కొట్టకుండా, పరిమాణం, మోడల్ పేరు రెండూ సరిపోల్చుకోవాలి. విండోస్ రికవరీ తెరలోనూ డ్రైవ్ అక్షరాలు తారుమారవుతాయి. అక్కడ 'సి' అన్నది నిజంగా విండోస్ ఉన్న డ్రైవేనా అన్నది లోపలి ఫోల్డర్లు చూసి నిర్ధారించుకోవాలి.

ఇక యంత్రం పాత బయోస్ పద్ధతిలో నడుస్తోందా, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనా అన్నది తేలాలి. లైవ్ యూఎస్‌బీని కూడా అదే పద్ధతిలో లేపకపోతే గ్రబ్ తప్పుడు రకం ఎక్కుతుంది. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ అని ఉన్నది ఒకటి, లేనిది మరొకటి. పాత పద్ధతిలో డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో తొలి 446 బైట్లు బూట్ కోడ్, తరువాతి 64 బైట్లు పార్టిషన్ పట్టిక, చివరి రెండు బైట్లు గుర్తు. ఎప్పుడో తీసి పెట్టుకున్న ఈ సెక్టార్ నకలును మొత్తం 512 బైట్లూ తిరిగి రాస్తే, ఆ మధ్య పార్టిషన్లు మారి ఉన్నట్లయితే పాత పట్టిక వచ్చి కూర్చుంటుంది, డిస్క్‌లో సగం మాయమైనట్టు కనిపిస్తుంది. 446 దగ్గరే ఆగాలి.

యూఈఎఫ్‌ఐలో బూట్ లోడర్లు ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో మామూలు ఫైళ్లుగా ఉంటాయి. విండోస్‌వి, ఉబుంటువి పక్కపక్క ఫోల్డర్లలో ఉంటాయి. విండోస్ రికవరీలో 'ఫిక్స్‌బూట్' కమాండ్ 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అన్నప్పుడు ఆ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయమనే సలహా బాగా ప్రచారంలో ఉంది. దయచేసి చేయవద్దు. రెండింటి బూట్ లోడర్లూ, కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో వారి పరీక్షా సాధనాలూ అందులోనే ఉంటాయి. 'బీసీడీబూట్' అనే కమాండ్ ఫార్మాట్ లేకుండానే విండోస్ ఫైళ్లను అక్కడికి తిరిగి చేరుస్తుంది. ఏది చేసినా ముందు ఈఎస్‌పీలోని ఫోల్డర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే, మన పొరపాటును ఐదు నిమిషాల్లో వెనక్కి తిప్పుకోవచ్చు. ఉబుంటుకు బదులు ఫెడోరా అనే లినక్స్ వాడేవారు యూఈఎఫ్‌ఐ యంత్రంలో గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్ నడపకుండా గ్రబ్, షిమ్ (సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు గ్రబ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ప్యాకేజీలను తిరిగి ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఉబుంటు సలహాలు వారికి ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు.

మరమ్మతు నడుస్తుండగా ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, రీస్టార్ట్ చేసి చూడాలి. పార్టిషన్ల పరిమాణం మార్చడం, పార్టిషన్ పట్టికను పాత ఎంబీఆర్ రకం నుంచి కొత్త జీపీటీ రకానికి మార్చడం వంటి పాత కోరికలను ఈ సందర్భంలో తీర్చుకోకూడదు. లినక్స్ పార్టిషన్ ఉన్న డ్రైవ్‌ను చూసి విండోస్ 'ఫార్మాట్ చేయాలి' అనో, 'ఇనిషియలైజ్' అనో అడిగితే క్యాన్సిల్ నొక్కాలి. అది తనకు చదవడం రాని భాషను ఖాళీ అనుకుంటుంది, అంతే. బూట్ సమస్యలను తనంతట తానే సరిచేసే బూట్-రిపేర్ సాధనం వాడేవారు, మొదట దాని నివేదిక మాత్రమే తయారుచేయించి చదివి, ఆ తరువాతే సిఫార్సు చేసిన మరమ్మతు నొక్కాలా వద్దా అన్నది నిర్ణయించుకోవాలి.

కంప్యూటర్ లేచిన తరువాత రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లనూ ఒక్కొక్కసారి పూర్తిగా తెరిచి చూసి, ఉబుంటులో అప్‌డేట్లన్నీ వేసి, ఆపి ఉంచిన సెక్యూర్ బూట్‌ను, బిట్‌లాకర్‌ను తిరిగి పెట్టి, మరోసారి రీస్టార్ట్ చేయాలి. లైవ్ యూఎస్‌బీని చెరిపేయకుండా, ఈఎస్‌పీ నకలుతో, కీ రాసుకున్న కాగితంతో కలిపి ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంట్లో బీరువాలో ఉంచాలి. బ్యాగు పోతే కీ కూడా దానితోనే పోతుంది.