బరువెక్కువ ఉన్న గర్భిణులు: షుగర్ రాకముందే కంచంలో జాగ్రత్తలు

గర్భం నిలిచేనాటికే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చెప్పే కొలత) 25 దాటి ఉంటే, ఆరో నెల షుగర్ పరీక్షదాకా ఆగకుండా తిండి సరిచేసుకోవాలి. ఆ సమయానికి మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం ఆ లోటు పూడ్చలేకపోతే షుగర్ పెరుగుతుంది.

ఇద్దరికి సరిపడా తినమని ఇంట్లో పెద్దలు ముద్దలు పెడతారు. మొదటి మూడు నెలలు అదనంగా ఏమీ అక్కర్లేదు. తర్వాతైనా ఓ గ్లాసు పాలు, ఓ గుడ్డు, గుప్పెడు వేరుసెనగలు చాలు. బీఎంఐ 25–30 మధ్య ఉంటే నెలలు నిండేసరికి 7 నుంచి 11.5 కిలోలు, 30 దాటితే 5 నుంచి 9 కిలోలు పెరగడం సరైన లెక్క. అలాగని పస్తులుండకండి. పూట మానేస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) పెరుగుతాయి, అవి బిడ్డకు మంచివి కావు.

అసలు చిక్కు పొద్దుటి టిఫిన్‌తోనే. ఇన్సులిన్ మరీ మందగించేది ఉదయమే. అప్పుడు నాలుగు ఇడ్లీలు చట్నీతో తింటే చక్కెర గబుక్కున ఎక్కుతుంది. రెండే ఇడ్లీలు, చిక్కటి సాంబారు, ఉడికించిన గుడ్డు తీసుకోండి, గుడ్డు తినని వాళ్లకు పెసరట్టు నయం (ఉప్మా పెట్టకుండా!). రాగి జావ మంచిదే కదా అంటారు గానీ, వడగట్టి పల్చగా తాగితే అదీ త్వరగా అరిగి షుగర్ పెంచుతుంది. పండ్ల రసం కూడా అంతే.

మధ్యాహ్నం కంచంలో సగం కూర, పావు వంతు అన్నం, పావు వంతు పప్పు లేదా చేప ఉండాలి. తగ్గించిన అన్నాన్ని సాయంత్రం మరమరాలతో పూడిస్తే లాభం లేదు, శనగలు తినండి. తిన్నాక పది నిమిషాలు నడవండి.

షుగర్ పరీక్ష మొదటి చెకప్‌లోనే చేయించి, బాగుంటే 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. 75 గ్రాముల గ్లూకోజును 300 మి.లీ. నీళ్లలో కలిపి 5–10 నిమిషాల్లో తాగాలి. అరగంటలోపు వాంతయితే పరీక్ష మర్నాడు మళ్లీ చేయాల్సిందే. తాగిన రెండు గంటలకు రక్తంలో చక్కెర 140 (మి.గ్రా./డె.లీ.) లేదా ఆపైన వస్తే డాక్టరు ముందు రెండు వారాలు ఆహార నియమాలు పెడతారు. అప్పటికీ తిన్న రెండు గంటలకు 120 లోపుకి దిగకపోతే మందో ఇన్సులినో మొదలుపెడతారు.