చూపు లేనివారు ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేటప్పుడు సాధనాలను ఎంచుకోవడం ఎలా

కోడ్‌లో తప్పు దొర్లినప్పుడు, దాన్ని రాసుకునే సాఫ్ట్‌వేర్ అయిన ఎడిటర్ దాని కింద ఎర్రగీత గీస్తుంది. చూపున్న విద్యార్థికి అది చాలు. ఆ సమాచారం, తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందకపోతే మాత్రం అంధ విద్యార్థి పది వరుసల ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి చివరిదాకా పదేపదే వినవలసి వస్తుంది. కాబట్టి ఏ సాధనాన్నైనా ముందుగా ఒక ప్రశ్నతో పరీక్షించాలి: తప్పు ఉన్న చోటికి ఎవరి సాయమూ లేకుండా, కీబోర్డుతోనే చేరుకోవడం దీనితో వీలవుతుందా?

స్క్రీన్ రీడర్ విషయంలో ఎక్కువగా తర్జనభర్జన పడనక్కరలేదు. విండోస్‌లో ఎన్‌వీడీఏ ఉచితంగా లభిస్తుంది. మ్యాక్‌లో వాయిస్‌ఓవర్ ముందే ఉంటుంది. లినక్స్‌లో ఓర్కా ఉంది. డబ్బు చెల్లించి కొనవలసిన జాస్ కూడా మంచి సాధనమే; ఇప్పటికే దానికి అలవాటుపడినవారు మారవలసిన పని లేదు. ప్రోగ్రామింగ్‌నూ కొత్త స్క్రీన్ రీడర్‌నూ ఒకేసారి నేర్చుకోవడం అనవసరపు భారం.

అసలు శ్రద్ధ పెట్టవలసింది దాని సెట్టింగుల మీద. ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేసినప్పుడు విరామచిహ్నాల స్థాయి "కొన్ని" అని ఉంటుంది. కథలూ వార్తలూ చదవడానికి అది హాయిగానే ఉంటుంది కానీ, కోడ్‌కు ఏమాత్రం పనికిరాదు. ఉదాహరణకు, బ్రాకెట్ సరిగా మూసిన ప్రింట్ వాక్యమూ, మూయడం మరచిపోయిన ప్రింట్ వాక్యమూ ఆ స్థాయిలో ఒకేలా "ప్రింట్ టోటల్" అనే వినిపిస్తాయి. ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్ కీ) పాటు పీ నొక్కుతూ "అన్నీ" అనే స్థాయికి మార్చితే ప్రతి బ్రాకెట్టూ, కోలనూ, కొటేషన్ గుర్తూ వినిపిస్తాయి. ఈ మార్పు ఎడిటర్‌లో మాత్రమే అమలయ్యేలా విడిగా ఒక కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ తయారుచేసుకుంటే మిగతా చదువుకు ఇబ్బంది కలగదు.

పైథాన్ నేర్చుకునేవారికి ఇంకొక సెట్టింగు కూడా తప్పనిసరి. ఆ భాషలో ఏ వాక్యం ఏ లూప్‌కు (పదేపదే నడిచే భాగానికి) చెందుతుందో వరుస ముందున్న ఖాళీలే నిర్ణయిస్తాయి. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లోని డాక్యుమెంట్ ఫార్మాటింగ్ విభాగంలో వరుసల ఇండెంటేషన్‌ను, అంటే ఈ ఖాళీలను, తెలియజేసే ఎంపిక ఉంది. మాటతో గానీ, బీప్ లాంటి స్వరంతో గానీ, రెండింటితో గానీ చెప్పించుకోవచ్చు. మొదట్లో రెండూ పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. చెవి అలవాటుపడ్డాక, ఖాళీలు పెరిగేకొద్దీ పైకి వెళ్లే స్వరం ఒక్కటే సరిపోతుంది, వినే వేగమూ పెరుగుతుంది.

ఎడిటర్ దగ్గర ఒక హెచ్చరిక చెప్పాలి. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ అనే ఎడిటర్‌ను చాలా పాఠ్యపుస్తకాలు సూచిస్తాయి. అది టీకే అనే ఉపకరణాలతో నిర్మించినది కావడంతో అందులో రాసిన అక్షరాలు చాలా కాలంగా స్క్రీన్ రీడర్లకు అందడం లేదు. ఎడిటర్ మౌనంగా ఉంటే లోపం తమదేనేమోనని కొత్తవారు కుంగిపోతారు; అది వారి లోపం కాదు. బొమ్మల దిమ్మెలను మౌస్‌తో లాగి అమర్చే పద్ధతిలోనూ ఇదే ఇబ్బంది తరచుగా ఎదురవుతుంది.

నా మొదటి సిఫారసు వీఎస్ కోడ్ అనే ఎడిటర్. దానికి పైథాన్ ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) జోడించుకున్నాక ఎఫ్ 8 నొక్కితే కర్సర్ తర్వాతి తప్పు దగ్గరికి వెళ్లి, సందేశాన్ని వినిపిస్తుంది. కంట్రోల్ జీ నొక్కి వరుస సంఖ్య ఇస్తే ఆ వరుసకు చేరుస్తుంది. ఎడిటర్‌లో ఉండగా ఆల్ట్ ఎఫ్ 1 నొక్కితే స్క్రీన్ రీడర్ వాడేవారికి ఉద్దేశించిన సహాయం తెరుచుకుంటుంది. ఇందులోని హంగులన్నీ మొదట్లోనే బరువనిపిస్తే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే సాదా ఎడిటర్‌లో రాసి, కమాండ్ ప్రాంప్ట్‌లో నడుపుకోవచ్చు. అప్పుడు తప్పుల సందేశాన్ని చివరి వరుస నుంచి వినాలి: తప్పు పేరు అక్కడ ఉంటుంది, వరుస సంఖ్య దానికి కాస్త పైన ఉంటుంది.

ఇండెంటేషన్ బెడద అసలే వద్దనుకునేవారు అంధ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఆండ్రియాస్ స్టెఫిక్ బృందం రూపొందించిన కోరమ్ భాషను పరిశీలించవచ్చు. అందులో ప్రతి బ్లాకూ (ఒకటిగా నడిచే వాక్యాల గుంపు) "ఎండ్" అనే మాటతో ముగుస్తుంది కాబట్టి నిర్మాణం చెవికి సులువుగా పట్టుబడుతుంది. అయినా పాఠాలూ, సాయం చేసేవారూ విస్తారంగా దొరకడం ముఖ్యమనుకుంటే పైథానే నయం. దానిలోనూ పాత వెర్షన్ తీసుకోకూడదు. 2021లో విడుదలైన 3.10 నుంచి, బ్రాకెట్ మూయకపోతే ఏ బ్రాకెట్ మూయలేదో, కోలన్ మరచిపోతే అక్కడ కోలన్ రావాలనో సందేశమే విడమరచి చెబుతుంది. అంతకుముందు ఇలాంటి తప్పులకు చాలాసార్లు "చెల్లని సింటాక్స్" అని మాత్రమే వచ్చేది. విని పనిచేసేవారికి ఈ తేడా చాలా విలువైనది.

తెరపై ఉన్న అక్షరాలను బ్రెయిల్ చుక్కలుగా చూపే బ్రెయిల్ డిస్‌ప్లే అందుబాటులో ఉంటే తప్పక వాడాలి, ఎందుకంటే ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమి చూసుకోవడానికి మాట సాటిరాదు. అది లేదని మాత్రం చదువు వాయిదా వేయకూడదు.

ఎంపిక పూర్తయ్యాక ఒక లూప్, ఒక షరతు ఉన్న చిన్న ప్రోగ్రామ్‌ను స్నేహితుడికి ఇచ్చి, ఒక కోలన్‌నూ ఒక బ్రాకెట్‌నూ తనకు నచ్చిన చోట చెరిపివేయమని చెప్పండి. ఆ రెండు తప్పులనూ ఫైలు మొత్తం మళ్లీ వినకుండానే పట్టుకుని సరిదిద్దగలిగితే ఆ సాధనాలతో పాఠాలు మొదలుపెట్టవచ్చు. పట్టుకోలేకపోతే ముందు విరామచిహ్నాల స్థాయిని సరిచూసుకుని, ఆ తర్వాతే ఎడిటర్ మార్చే ఆలోచన చేయండి.