రాళ్ల మీద జోయాంథిడ్ కనిపిస్తే ముందు ఇసుక చూడండి

వైజాగ్‌లో లో టైడ్ టైమ్‌లో రాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లకి ఒక చిన్న చిట్కా. రాయి మీద చిన్న చిన్న పువ్వుల్లా గుంపుగా అతుక్కుని ఉన్నవి చూడగానే చాలామంది సీ అనిమోన్ అనేస్తారు, కానీ అడుగున ఒకదానికొకటి కలిసిపోయి, ప్రతి పాలిప్ (అంటే గుంపులో ఒక్కో పువ్వులాంటి జీవి) అంచు చుట్టూ పొట్టి టెంటకిల్స్ (మీసాల్లాంటివి) రెండు వరసల్లో ఉంటే అది జోయాంథిడ్ (అనిమోన్‌కి దగ్గరి చుట్టమైన సముద్ర జీవి) కాలనీ అయ్యే ఛాన్స్ ఎక్కువ. అక్కడినుంచి జీనస్ (దగ్గరి జాతుల గుంపు) దాకా వెళ్లాలంటే రంగు చూడకండి ప్లీజ్, ఒకే జాతిలోనే ఆకుపచ్చ, బ్రౌన్ అన్నీ ఉంటాయి, రంగుని నమ్ముకుంటే గందరగోళమే. ఇసుక చూడండి. పాలిథోవా అనే జీనస్ తన ఒంట్లోకి ఇసుక రేణువుల్ని ఇముడ్చుకుంటుంది, అందుకే పాలిప్ ముడుచుకున్నప్పుడు కాడ గరుగ్గా, బూడిద రంగుగా కనిపిస్తుంది. జోయాంథస్ అనే ఇంకో జీనస్‌లో ఆ ఇసుక ఉండదు, కాడ నున్నగా మెరుస్తుంది, పైన ఏదైనా అంటుకున్నా నీళ్లు తగిలితే పోతుంది. కాబట్టి విచ్చుకున్నప్పుడు ఒకటి, ముడుచుకున్నాక ఒకటి, అడుగు భాగం కనిపించేలా పక్కనుంచి ఒకటి, పక్కన స్కేల్ పెట్టి ఫోటోలు తీయండి, పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు. జాతి పేరు దాకా కచ్చితంగా చెప్పాలంటే చాలాసార్లు డీఎన్ఏ కావాల్సిందే, అందుకని "పాలిథోవా ఎస్పీ." (అంటే పాలిథోవాలో ఏదో ఒక జాతి) అని ఆపేసినా తప్పేం లేదు.

ఒట్టి చేత్తో మాత్రం గిల్లొద్దు, కోయొద్దు, ముఖ్యంగా పాలిథోవాని. 1971లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషాన్ని మొదట వేరుచేసింది హవాయిలో దొరికిన ఒక పాలిథోవా నుంచే, చేతికి గాయం ఉంటే అసలు దగ్గరికే పోకండి.