మృగశిర చినుకులకు ముందు విత్తనం నానబెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

రోహిణి కార్తె ఎండలు కాస్త తగ్గి, జూన్ మొదట్లో ఒక వాన పడిందంటే మిద్దె తోట పెట్టుకున్నవాళ్ళకి చేతులు ఊరుకోవు. దాచిపెట్టుకున్న ప్యాకెట్లన్నీ ఒకేరోజు విప్పేస్తారు. కొత్తవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది సరిగ్గా ఈ రెండు మూడు వారాల్లోనే. విత్తనం మంచిదే అయి ఉంటుంది, మట్టీ మంచిదే అయి ఉంటుంది. మొలకెత్తించిన పద్ధతి మాత్రం ఆ విత్తనానికి నప్పి ఉండదు.

మన ముందున్న దారులు మూడు. కుండీలో నేరుగా విత్తుకోవడం, ప్రోట్రేలో (చిన్న చిన్న గుంటలున్న నారు ట్రే) కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేసి నారు పెంచడం, తడిగుడ్డలో మొలక కట్టి తర్వాత నాటడం. వీడియోలో ఎవరో చేసి చూపించిన పద్ధతినే అన్ని విత్తనాలకీ వాడేయకండి. మీ చేతిలో ఉన్న విత్తనం ఏమిటో చూసి దారి ఎంచుకోండి.

వేరు కదిలిస్తే ఓర్చుకోని మొక్కలు కొన్ని ఉన్నాయి. ముల్లంగి, క్యారెట్‌లో మనం తినేదే వేరు కాబట్టి వాటిని పీకి నాటితే గడ్డ వంకరపోతుంది, రెండుగా చీలుతుంది. బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు కూడా ఉన్నచోటే పెరగాలి. ఇవన్నీ నేరుగా విత్తుకోండి. బీర, సొర, కాకర, దోస కూడా అంతే. తప్పనిసరై వీటిని ట్రేలో పెంచితే, పెద్ద గుంటల ట్రే తీసుకుని మొలకతో వచ్చే మొదటి జత ఆకుల తర్వాత రెండు నిజమైన ఆకులు రాగానే వేరు చుట్టూ ఉన్న గడ్డ విడిపోకుండా కుండీలోకి మార్చాలి. ఆలస్యం చేస్తే వేర్లు చుట్టుకుపోయి తీగ సాగదు.

టమాట, వంగ, మిర్చి, క్యాబేజీ, కాలీఫ్లవర్‌కి నారు పద్ధతే మంచిది. వీటి విత్తనం చిన్నది, మొలక సున్నితం. పెద్ద కుండీలో వేస్తే వాన దెబ్బకి ఎటు కొట్టుకుపోయిందో కూడా తెలియదు. 98 గుంటల ప్రోట్రేలో గుంటకొక గింజ చొప్పున వేసుకుంటే టమాట నారు సుమారు 25 రోజుల్లో, వంగ 30 రోజుల్లో, మిర్చి 35 నుంచి 40 రోజుల్లో నాటడానికి వస్తుంది. అంటే జూలై మధ్యలో మిర్చి మొక్క కుండీలో ఉండాలంటే జూన్ మొదటి వారంలోనే గింజ పడాలి. టమాటకి అంత తొందర లేదు.

తడిగుడ్డ పద్ధతి మనకి కొత్తదేం కాదు. పెసలు మొలకలు కట్టని ఇల్లుండదు. వరి రైతులు వడ్లు ఒక రోజు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, ముక్కు పగిలాక నారుమడిలో చల్లుతారు. అదే సూత్రం. గట్టి తొక్క ఉన్న కాకర గింజకి, పాతబడ్డ ప్యాకెట్టు మీద అనుమానం ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. కానీ ఇక్కడ ఒక్క రోజు ఏమరుపాటుకి కూడా చోటు లేదు. నేను మొదటి ఏడాది బెండ గింజలు గుడ్డలో కట్టి, ఊరెళ్ళి మూడో రోజు విప్పాను. తెల్లటి వేర్లు అంగుళం పొడవు సాగి, నేత సందుల్లోంచి అవతలికి దూరిపోయాయి. మెల్లగా లాగితే వేరు కొస గుడ్డలోనే ఉండిపోయింది, గింజ ఒక్కటే చేతికొచ్చింది. పన్నెండింటిలో ఒక్కటీ మొక్క కాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, పూటకోసారి విప్పి చూడండి. ముక్కు పగిలి వేరు పావు అంగుళం కనబడగానే, వేలితో నలపకుండా, గింజని పట్టుకుని మట్టిలో పెట్టేయండి. గుడ్డ తడిగా ఉంటే చాలు, నీళ్ళు కారుతూ ఉండకూడదు. బూజు వాసన వస్తే ఆ గింజలు పనికిరావు.

నానబెట్టే ముందు గింజ రంగు చూడటం మరచిపోవద్దు. గులాబీ, నీలం, ఆకుపచ్చ లాంటి రంగు పూసి ఉందంటే దానికి శిలీంధ్రనాశిని, అంటే బూజు తెగుళ్ళని చంపే మందు, పట్టించారని అర్థం. వంటగిన్నెల్లో నానబెట్టొద్దు. నానబెడితే ఆ మందు నీళ్ళలో కలిసిపోతుంది కూడా, కాబట్టి నేరుగా విత్తడమే మేలు. చేతికి గ్లౌజులు వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. మిగిలిన గింజలు పిల్లలకి అందేచోట ఉంచకండి. మొలకల కూరకీ, మైక్రోగ్రీన్స్‌కీ (లేత మొలకగానే కోసి తినే ఆకులు) ఇవి ఎప్పుడూ వాడకూడదు.

ఇక అసలు ప్రమాదం నీళ్ళు. ఎండాకాలమంతా రెండుపూటలా పోసిన అలవాటు వాన మొదలయ్యాక కూడా పోదు. టమాట నారు ఉదయం పచ్చగా నిలబడి ఉంటుంది, సాయంత్రానికి వరసగా వాలిపోతుంది. దగ్గరగా చూడండి. ఆకు పచ్చగానే ఉంటుంది, మట్టిని తాకే చోట మాత్రం కాండం నీరుపట్టి, దారంలా సన్నబడి ఉంటుంది. అదే నారుకుళ్ళు. అలా పడిన మొక్క మళ్ళీ లేవదు. ఒత్తుగా పోసిన నారులో, నీళ్ళు నిలిచిన ట్రేలో, గాలి ఆడని మూల ఇది తొందరగా పాకుతుంది. కోకోపీట్ కలిపేటప్పుడే గుప్పిట్లో పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు కారితే సరిపోయింది. ధారగా కారితే ఆరబెట్టాలి. అందులో కొంచెం ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్ళని అడ్డుకునే మేలు చేసే బూజు) పొడి ముందే కలుపుకుంటే మంచి రక్షణ. తెగులు కనబడితే పడిపోయిన మొక్కలు తీసేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడపాలి. ట్రైకోడెర్మానీ ఈ మందునీ కలిపి వాడొద్దు, రాగి మందు ఆ మేలు చేసే బూజుని కూడా దెబ్బతీస్తుంది.

కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉండొచ్చు. రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి పిండాకే వాడండి. ఇది చాలామంది వదిలేసే పని.

మొలక రాకముందు వెలుతురు లేకపోయినా ఫరవాలేదు, వచ్చాక ఒక్క రోజు కూడా చీకట్లో ఉంచకూడదు. కవరు కప్పి గదిలో పెట్టిన ట్రేలో పచ్చ చుక్కలు కనబడగానే వెలుగులోకి తేవాలి, లేకపోతే మొలకలు సన్నగా సాగి పడిపోతాయి. అలాగని మధ్యాహ్నపు ఎండలో సిమెంటు శ్లాబు మీద నేరుగా పెట్టకండి. నల్ల ట్రే అడుగున వేడి పుట్టి లేత వేరు మాడుతుంది. కింద రెండు ఇటుకలు పెట్టి, పైన గ్రీన్ నెట్ కట్టుకోండి. పెద్ద వానచుక్కల దెబ్బకి కూడా ఆ నెట్టే అడ్డం.

ఆకుకూరల సంగతి తేలికే. తోటకూర గింజలు ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా మట్టి కప్పండి, లేకపోతే చీమలు వరసకట్టి మోసుకుపోతాయి. ధనియాలు చేత్తో రుద్ది రెండు పలుకులు చేసి వేయాలి. పాలకూర, కొత్తిమీరకి వాతావరణం చల్లబడేదాకా ఆగితే మంచిది, జూన్ వేడిలో మొలక పలచగా వస్తుంది. మిగతా గింజలకి లోతు కొలత ఒకటే: గింజ లావుకి రెండు మూడింతలు.

విత్తాక టెన్షన్ పడి మట్టి తవ్వి చూడకండి. టమాట వారంలోపు రావచ్చు, మిర్చికి రెండు వారాలు పడుతుంది, ధనియాలకీ అంతే. పదికి పదీ రావాలని కూడా అనుకోవద్దు. మన దేశంలో సర్టిఫైడ్ విత్తనానికి పెట్టిన కనీస మొలక శాతం టమాటకి 70, మిర్చికి 60. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ చూసుకోండి. అనుమానం ఉంటే పది గింజలు తడిగుడ్డలో వేసి చూడండి, ఎన్ని మొలిచాయో దాన్నిబట్టి ఎన్ని విత్తాలో లెక్క వేసుకోవచ్చు.

ప్యాకెట్టులో సగమే ఇప్పుడు వాడండి. మిగతా సగం మూత బిగిసే సీసాలో, చిన్న కాగితం మీద తేదీ రాసి, తేమ తగలని చోట దాచండి. కుండపోత వానకి మొదటి విడత కొట్టుకుపోతే, పది రోజులకి మళ్ళీ విత్తడానికి మీ దగ్గర గింజలుంటాయి.