క్రొయేషియాలోని స్టోన్, కోర్చులా, ట్రోగిర్ కోట ఊళ్లకు బయల్దేరే ముందు

- 2023 జనవరి నుంచి క్రొయేషియా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) ఉంది; మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా ఉండాలి. కరెన్సీ యూరో. కాస్త చిల్లర ఉంచుకోండి.

- అన్నిటికన్నా ముఖ్యం చెప్పులు. వందల ఏళ్ల నడకకు అరిగి, ఈ వీధుల సున్నపురాయి నున్నగా మెరుస్తుంది. నాలుగు చినుకులు పడితే చాలు, కాలు జారుతుంది. పట్టున్న బూట్లే వేసుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మెట్ల దగ్గర చెయ్యి వదలకండి.

- స్టోన్ ఊరి కోట గోడ ఎక్కాలంటే పొద్దున్నే ఎక్కండి. ఉప్పు మడుల కాపలాకు 14వ శతాబ్దంలో దుబ్రోవ్నిక్ రిపబ్లిక్ మొదలుపెట్టిన ఈ గోడ ఇప్పటికీ 5 కిలోమీటర్లకు పైగా నిలిచి ఉంది. కొండ మీదుగా పక్క ఊరు మాలీ స్టోన్ దాకా నిటారు మెట్లు, నీడ దాదాపు ఉండదు. నీళ్లు, టోపీ తప్పనిసరి. మోకాళ్ల నొప్పులుంటే కింద ఉప్పు మడులు చూడండి, అవీ చూడదగ్గవే.

- కారు కోట బయటే ఆపాలి. చక్రాల సూట్‌కేసు కన్నా వీపు సంచి మేలు.

- చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లండి.

- కోర్చులాకు పడవలో వెళ్తుంటే గాలి సూచన చూసుకోండి. చలికాలంలో బూరా అనే చల్లటి ఈదురుగాలి విసిరితే పడవలు ఆగిపోతాయి.